అంగ తగ్గింది, లయ మారలేదు: మా బడి కాంతి ప్రాజెక్టు డైరీ

జనవరి 21

ఫిబ్రవరి 28, జాతీయ విజ్ఞాన దినోత్సవానికి మా బడి తరఫున ఏం చేయాలో ఇవాళ తేలింది. నేను నల్లగొండ జిల్లాలో మర్రిగూడ వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్తాను. ఏటా థర్మకోల్ నమూనాలు, రంగు చార్టులు పెడుతూ వచ్చాం. ఈసారి పిల్లలు తమ చేతులతో కొలిచేది ఒకటి ఉండాలని పట్టుబట్టాను.

వక్రీభవనం, అంటే కాంతి ఒక పదార్థంలోంచి ఇంకో దాంట్లోకి పోతూ వంగడం, ఆ పాఠంలో ప్రతి ఏడాదీ బోర్డు మీద ఒక వాక్యం రాస్తాను. కాంతి శూన్యం నుంచి పదార్థంలోకి పోతే వేగం తగ్గుతుంది, తరంగదైర్ఘ్యం (అల పొడవు) తగ్గుతుంది, పౌనఃపున్యం (సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో ఆ లెక్క) మాత్రం మారదు. పిల్లలు దాన్ని బట్టీ పడతారు, మార్కులు కూడా పడతాయి. గ్లాసు నీళ్లలో పెన్సిల్ విరిగినట్టు కనపడటం అందరూ చూసిందే. అల పొట్టిది కావడం మాత్రం ఎవరూ చూడలేదు. ఇన్నేళ్లుగా చెప్తున్న నేనూ చూడలేదు. దాన్నే చూద్దామని తొమ్మిది, పది తరగతుల నుంచి ఆరుగురు ముందుకొచ్చారు.

మా దగ్గర వాక్యూమ్ పంపు లేదు. శూన్యానికి బదులు గాలినే వాడుకుంటాం. శూన్యంతో పోలిస్తే కాంతి ఎన్ని రెట్లు నెమ్మదిస్తుందో చెప్పే అంకెను వక్రీభవన గుణకం అంటాం. శూన్యం గుణకం 1 అయితే గాలిది సుమారు 1.0003. పదివేలలో మూడు వంతుల తేడా. మా స్కేలుకు అది అందదు కాబట్టి ఈ ప్రాజెక్టు వరకు గాలి, శూన్యం ఒకటే అనుకోవచ్చు.

జనవరి 24

సామాను చేరింది. నల్లగొండలో కొన్న చేపల తొట్టి, పొడవు 60 సెంటీమీటర్లు. అల పొడవు 650 నానోమీటర్లని రాసి ఉన్న ఎర్ర లేజర్ (నానోమీటరంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు). ఇంట్లో మూలన పడున్న పాత పాటల సీడీ.

సీడీని వెలుతురులో తిప్పితే రంగులు మెరుస్తాయి కదా. దాని మీద గుండ్రంగా గీసినట్టుండే బాటల మధ్య దూరం 1.6 మైక్రోమీటర్లు, అంటే మిల్లీమీటరుకు 625 బాటలు. లేజర్ దాని మీద పడితే కొంత కాంతి తిన్నగా వెనక్కి వస్తుంది, మిగతాది అటూ ఇటూ ఒక లెక్క ప్రకారం చీలి చుక్కలుగా పడుతుంది. దీన్నే వివర్తనం అంటాం. అల ఎంత పొడవైతే చుక్కలు అంత దూరం జరుగుతాయి, పొట్టిదైతే దగ్గరికొస్తాయి. కంటికి అందని అల పొడవును స్కేలుకు అందే దూరంగా మార్చే సాధనం మాకు ఈ సీడీయే.

పని తీరు ఇది. తొట్టి వెనక గోడకు లోపలి వైపున సీడీని అంటిస్తాం. ముందు గోడకు బయట గ్రాఫు కాగితం అతికించి, మధ్యలో చిన్న రంధ్రం పెట్టి అందులోంచి లేజర్ వేస్తాం. సీడీ నుంచి తిరిగొచ్చిన చుక్కలు ఆ గ్రాఫు కాగితం మీదే పడతాయి. ముందు ఖాళీ తొట్టిలో కొలవాలి, తర్వాత నీళ్లు పోసి మళ్లీ కొలవాలి.

ఒక జాగ్రత్త మొదటి రోజే గట్టిగా చెప్పాను. సీడీ అద్దం లాంటిది, లేజర్ తిరిగి కంట్లోకే రావచ్చు. అందుకే తొట్టిని బల్ల మీద కాకుండా పీట మీద పెట్టాం, కాంతి మా నడుము ఎత్తుకు మించకుండా. లేజర్ వెలుగుతున్నంతసేపు ఎవరూ వంగకూడదు. ఒకబ్బాయి ఆకుపచ్చ లేజర్ తెస్తానన్నాడు, వద్దన్నాను. సంతలో దొరికే ఆకుపచ్చ లేజర్లలో రాసిన దానికంటే ఎక్కువ శక్తి ఉన్నవి చాలా ఉంటాయి. పిల్లల కళ్ల విషయంలో నేను రాజీ పడను.

జనవరి 27

తొట్టి మూల నుంచి నీళ్లు కారాయి. పొద్దున్నే చూస్తే గది నిండా తడి. సిలికాన్ ట్యూబు తెచ్చి పూశాం, రెండు రోజులు ఆరాలి.

ఈలోగా ఖాళీ తొట్టిలో లేజర్ వేసి చూస్తే చుక్కలు పక్కలకు కాకుండా ఒకటి పైన, ఒకటి కింద పడ్డాయి. పై చుక్క తొట్టి అంచు దాటి గోడెక్కింది. పిల్లలే పట్టుకున్నారు కారణాన్ని. లేజర్ సీడీ పై భాగంలో పడుతోంది, అక్కడ బాటలు అడ్డంగా ఉంటాయి, అందుకే చుక్కలు నిలువుగా చీలాయి. గడియారంలో మూడు ఉండే చోట పడేలా సీడీని జరపగానే చుక్కలు చక్కగా ఎడమకూ కుడికీ పరుచుకున్నాయి.

జనవరి 30

ఖాళీ తొట్టి కొలత. సీడీ నుంచి ముందు గోడకు 28.0 సెంటీమీటర్లు. మధ్య రంధ్రం నుంచి కుడి చుక్క 12.5, ఎడమ చుక్క 12.6 సెంటీమీటర్లు. త్రికోణమితితో కుడి వైపు కోణం సైన్ విలువ 0.408. దాన్ని 1.6 మైక్రోమీటర్లతో గుణిస్తే 652 నానోమీటర్లు వచ్చింది.

లేజర్ మీద రాసింది 650. ఒక పాత సీడీతో, పది రూపాయల స్కేలుతో ఒక అల పొడవు కొలిచామంటే పిల్లలు మొదట నమ్మలేదు. లెక్క మళ్లీ చేయించుకున్నారు. మళ్లీ అంతే వచ్చింది.

ఫిబ్రవరి 1

ఇవాళ నీళ్లు పోశాం. ఈ రోజు గురించి కాస్త వివరంగా రాసుకోవాలి.

సాయంత్రం నాలుగున్నర. కిటికీలకు దుప్పట్లు కట్టి గది చీకటి చేశాం. లేజర్ వెలుగుతూనే ఉంది, ఒకమ్మాయి చెంబుతో నిదానంగా నీళ్లు పోస్తోంది. నీటి మట్టం కాంతి దారికి కొంచెం కిందికి వచ్చేదాకా ఏమీ మారలేదు. చుక్కలు అక్కడే ఉన్నాయి. మట్టం కాంతిని తాకగానే చుక్కలు చెదిరి గీతలై వణికాయి. మరో రెండు చెంబులు పడ్డాక, నీళ్లు తేరుకున్నాక చూస్తే రెండు చుక్కలూ లోపలికి జరిగి నిలబడ్డాయి. ఎవరూ లేజర్‌ను కదిలించలేదు, సీడీని ముట్టుకోలేదు. మధ్యలో నీళ్లు వచ్చాయి, అంతే.

కుడి వైపు 9.0, ఎడమ వైపు 9.1 సెంటీమీటర్లు. పన్నెండున్నర నుంచి తొమ్మిదికి.

ఇంకొకటి నేను కూడా ముందుగా ఊహించలేదు. కాగితం చివర, మధ్య నుంచి సుమారు 22 సెంటీమీటర్ల దూరంలో, అటొకటి ఇటొకటి మసక చుక్కలు కొత్తగా వచ్చాయి. అవి రెండో వరుస చుక్కలు. గాలిలో అవి 39 సెంటీమీటర్ల దూరంలో పడాలి, అంటే తొట్టి అవతల. అందుకే ఖాళీ తొట్టిలో కనపడలేదు. అల పొట్టిది కాగానే తొట్టిలోపలికి వచ్చేశాయి.

లెక్క: నీళ్లలో కుడి చుక్కకు సైన్ 0.306. అల పొడవు 490 నానోమీటర్లు. 652ను 490తో భాగిస్తే 1.33. ఎడమ వైపు లెక్కా దగ్గరదగ్గరగా అంతే. నీటి వక్రీభవన గుణకం అని పుస్తకంలో ఉండే అంకె మా తొట్టిలోంచే వచ్చింది.

గుణకం అంటే ఇదే. శూన్యంలో కాంతి వేగం సెకనుకు 29,97,92,458 మీటర్లు. నీళ్లలో దాన్ని 1.33తో భాగిస్తే సుమారు 22.5 కోట్ల మీటర్లు. అల పొడవూ అదే లెక్కన తగ్గుతుంది. ఒక మిల్లీమీటరు గాలిలో ఈ ఎర్ర కాంతి అలలు 1,540 దాకా పడితే, ఒక మిల్లీమీటరు నీళ్లలో దాదాపు 2,050 పడతాయి.

ఫిబ్రవరి 3

పదో తరగతి అబ్బాయి అడిగిన ప్రశ్న. "సార్, 490 అంటే నీలం దగ్గర గదా. మరి నీళ్లల్ల ఎర్రగనే కనవడ్తుందేంది?"

ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికన్నా నచ్చిన ప్రశ్న ఇదే. తొట్టిలో రెండు చుక్కల పాలు కలిపి చూశాం. కాంతి దారి మొత్తం ఎర్ర దారంలా కనపడింది, ఒక చివర నుంచి ఇంకో చివరకు అదే ఎరుపు.

రంగుల పట్టికలో 490 నీలం పక్కన ఉంటుంది. అయితే ఆ పట్టిక శూన్యంలోని పొడవులతో వేసింది. మన కన్ను పొడవును చూసి రంగు చెప్పదు. కాంతి సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో దాన్ని బట్టి దాని శక్తి ఉంటుంది, కంటి వెనక తెర, అంటే రెటీనాలోని పదార్థం స్పందించేది దానికి. ఈ ఎర్ర కాంతి సెకనుకు సుమారు 4.6 కోటి కోట్ల సార్లు ఊగుతుంది. గాలిలోనూ అంతే, నీళ్లలోనూ అంతే.

ఇంకో సంగతి చెప్తే గది నిశ్శబ్దమైపోయింది. కంటిలోపల రెటీనాకు ముందు జెల్లీలాంటి ద్రవం ఉంటుంది, దాని గుణకం సుమారు 1.336. అంటే బయట గాలిలో 650గా ఉన్న కాంతి కూడా మన రెటీనాను తాకేసరికి 490 దగ్గరికి వచ్చేసి ఉంటుంది. పుట్టినప్పటి నుంచి మనం చూసిన ప్రతి మందారం, ప్రతి ఎండుమిరప కల్లం ఆ పొట్టి అలతోనే మన కంట్లో ఎర్రగా కనపడింది.

ఫిబ్రవరి 6

పౌనఃపున్యం ఎందుకు మారదు? బోర్డు మీద చెప్తే తల ఊపారు గానీ కళ్లలో అర్థమైన వెలుగు లేదు. గ్రౌండులోకి తీసుకుపోయాను.

బడి వెనక పొలం నాట్లకు దున్ని పెట్టి ఉంది. రైతును అడిగి గట్టు పక్కన మడి వాడుకున్నాం. నలుగురు నలుగురుగా ఐదు వరుసలు. ఎనిమిదో తరగతి పిల్లవాడు ఇంటి నుంచి డప్పు తెచ్చాడు. నియమం ఒక్కటే: ఒక దెబ్బకు ఒక అంగ. గట్టి నేల మీద అంగ పొడుగ్గా పడింది. బురదలోకి దిగగానే కాలు కూరుకుపోయి అంగ చిన్నదైంది. డప్పు మాత్రం అదే వేగంతో మోగుతోంది. దెబ్బకు ఒక అంగ అలాగే పడుతోంది. పక్క నుంచి చూస్తే నేల మీద వరుసల మధ్య దూరం ఎక్కువ, బురదలో వరుసలు దగ్గరదగ్గరగా.

ఇక్కడ ఆపి అడిగాను. నిమిషానికి పది వరుసలు గట్టు దిగుతున్నాయి, బురదలోంచి నిమిషానికి ఎనిమిదే ముందుకు పోతున్నాయి అనుకుందాం, మిగతా రెండు ఎక్కడుంటాయి? "గట్టు మీద్నే కుప్పవడ్తయ్ సార్" అని ఒకమ్మాయి. అలలు హద్దు దగ్గర కుప్ప పడవు. సెకనుకు ఎన్ని వస్తే అన్నీ ముందుకు పోవాల్సిందే. అంగ తగ్గుతుంది, లయ తగ్గదు.

తర్వాత నలుగురికీ ఒక పొడవాటి వెదురు పట్టించి, గట్టుకు ఏటవాలుగా నడిపించాను. ముందుగా బురద తొక్కిన చివర నెమ్మదించింది, ఇంకా నేల మీద ఉన్న చివర పెద్ద అంగలే వేసింది. వెదురు దానంతటదే తిరిగింది. పెన్సిల్ విరిగినట్టు కనపడటానికి కారణం ఇదే. వంగడం, పొట్టిది కావడం రెండు వేరు పాఠాలు కావు, ఒకే నడక.

ఫిబ్రవరి 8

ఈ పోలిక ఎక్కడిదాకా పనికొస్తుందో కూడా చెప్పాలి. బురద కాలిని పట్టి లాగుతుంది, మనిషి అలసిపోతాడు. కాంతి అలా అలసిపోదు. నీళ్లు దాటి బయటికి రాగానే మళ్లీ తన పూర్తి వేగం అందుకుంటుంది.

చాలామంది చెప్పే ఇంకో మాట ఉంది, నేనూ ఒకప్పుడు చెప్పాను: అణువు కాంతిని మింగి కాసేపాగి మళ్లీ వదులుతుంది, అందుకే ఆలస్యం అని. అది సరికాదు. అలా మింగి వదిలితే కాంతి నాలుగు దిక్కులా చెదిరిపోవాలి, మా తొట్టిలో దారంలా తిన్నగా పోకూడదు. జరిగేది వేరు. కాంతి అల పోతూ పోతూ పదార్థంలోని ఎలక్ట్రాన్లను తన లయలోనే ఊపుతుంది. ఊగే ఎలక్ట్రాన్ తానూ అదే లయలో చిన్న అల పుట్టిస్తుంది, కాకపోతే కాస్త వెనకబడి. అసలు అల, ఈ కోట్లాది చిన్న అలలు కలిసినప్పుడు ఏర్పడే మొత్తం అల శిఖరాలు వెనక్కి జరుగుతూ వస్తాయి. మనం చూసే నెమ్మది వేగం ఆ మొత్తం అలది. ఊపే లయ, ఊగే లయ ఒకటే కాబట్టి రంగు మారదు.

న్యూటన్ కాంతిని కణాలుగా అనుకున్నాడు. ఆ లెక్కన కాంతి నీళ్లలో ఇంకా వేగంగా పోవాలి. అల అయితే నెమ్మదించాలి. ఎవరిది నిజమో 1850లో పారిస్‌లో ఫూకో అనే ఫ్రెంచి శాస్త్రవేత్త తిరిగే అద్దంతో తేల్చాడు: నీళ్లలో కాంతి నెమ్మదిస్తుంది.

ఫిబ్రవరి 11

తొమ్మిదో తరగతి అమ్మాయి అందరూ పోయేదాకా ఆగి అడిగింది. "సార్, మా పాత బోరు నీళ్లు పోస్తే చుక్క జరుగుతదా? ఫ్లోరైడ్ ఎంతుందో తెలుస్తదా?"

వాళ్ల తాతకు నడుము వంగిపోయింది. మా వైపు ఇది కొత్త మాట కాదు. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు ఊళ్లలో ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు నీళ్లు తాగి పాడైన పెద్దవాళ్ల ఎముకలు, ఆ కాలం పిల్లల పళ్లు చూస్తే చాలు. ఇప్పుడు నల్లాల్లో కృష్ణా నీళ్లు వస్తున్నాయి. కానీ పాత బోర్లు ఇంకా ఉన్నాయి, పొలాల దగ్గర తాగేవాళ్లూ ఉన్నారు. ఆ ప్రశ్నకు వట్టి మాటతో జవాబివ్వాలనిపించలేదు. కొలిచి చెప్దాం అన్నాను.

ఫిబ్రవరి 13, 14

మా తొట్టికి ఎంత చిన్న తేడా అందుతుందో ముందు తెలియాలి. అంగడి నుంచి కల్లుప్పు 5 కిలోలు తెచ్చి, 21 లీటర్ల నీళ్లలో పోసి కలపకుండా ఇంటికి పోయాం.

పొద్దున ఊరికే లేజర్‌ను తొట్టి పక్క గోడలోంచి పొడుగునా వేసి చూశాను. కాంతి తిన్నగా పోలేదు. మొదట అడ్డంగా బయల్దేరి, మెల్లగా కిందికి వంగుతూ, అవతలి గోడ చేరేసరికి మూడు నాలుగు సెంటీమీటర్లు దిగింది. ఎక్కడా విరుపు లేదు, పలుపుతాడు వేలాడినట్టు నున్నని వంపు. అడుగున ఉప్పు చిక్కగా, పైన పలచగా ఉంది, గుణకం కింది నుంచి పైకి కొద్దికొద్దిగా తగ్గుతోంది, కాంతి చిక్కటి వైపు ఒరిగింది. ఎండాకాలం సాగర్ రోడ్డు మీద దూరాన నీళ్లున్నట్టు కనపడేది కూడా ఇదే పని, కాకపోతే అక్కడ నేల దగ్గరి వేడి గాలి పలచన కాబట్టి వంపు పైకి ఉంటుంది. ప్రార్థన గంట కొట్టినా పిల్లలు కదల్లేదు.

బాగా కలిపి, తేరుకున్నాక కొలిచాం. కుడి చుక్క 9.0 నుంచి 8.8కి వచ్చింది. గుణకం 1.36. ఐదు కిలోల ఉప్పుకు రెండు మిల్లీమీటర్లు.

ఇక లెక్క ఆ అమ్మాయితోనే చేయించాను. మా ఉప్పు లీటరుకు సుమారు 240 గ్రాములు. తాగేనీటిలో ఫ్లోరైడ్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. దాదాపు 1,60,000 రెట్లు తక్కువ. ఫ్లోరైడ్ కూడా గ్రాముకు గ్రాము ఉప్పులాగే పనిచేస్తుందనుకుంటే చుక్క జరిగేది 12 నానోమీటర్ల చిల్లర. మేం వాడే కాంతి అలలోనే యాభయ్యో వంతు. ఏ స్కేలూ దాన్ని చూడలేదు.

"అంటే తెల్వదు" అంది. తెలియదు, మా తొట్టితో తెలియదు అన్నాను. కాంతితో ఫ్లోరైడ్‌ను కొలిచే పద్ధతి వేరే ఉందని చెప్పాను. జిర్కోనియం అనే లోహం కలిసిన ఎర్రటి రంగు ద్రవంలో నీటి నమూనా వేస్తారు. ఫ్లోరైడ్ ఆ జిర్కోనియంను లాక్కుంటుంది, రంగు వెలిసిపోతుంది. ఎంత వెలిసిందో కాంతి పంపి కొలుస్తారు. అక్కడ చూసేది అల పొడవును కాదు, ఎంత కాంతిని ద్రవం పట్టేసుకుందో దాన్ని.

ఫిబ్రవరి 20

నూనె ప్రయోగం. గానుగ పల్లి నూనె లీటరు, గాజు బీకరు, బోరోసిలికేట్ (వేడికి తట్టుకునే గాజు) పరీక్షనాళిక. పరీక్షనాళికను ఖాళీగా నూనెలో ముంచితే వెండిలా మెరుస్తూ కనపడుతుంది. లోపల కూడా నూనె నింపగానే, అడుగు నుంచి పైకి నూనె ఎక్కినంత మేర గాజు మాయమవుతూ వచ్చింది. చివరికి నూనె పైన ఉన్న మూతి మాత్రం గాలిలో తేలుతున్నట్టు మిగిలింది. ఆ గాజు గుణకం సుమారు 1.47, పల్లి నూనెదీ దాని దగ్గరే. రెండింట్లో అంగ ఒకటే అయితే హద్దు దగ్గర కాంతి వంగదు, వెనక్కి మళ్లదు. ఇక కంటికి హద్దు ఎలా తెలుస్తుంది? మామూలు కిటికీ గాజు ముక్క, గుణకం 1.52 దాకా ఉంటుంది, అంచు స్పష్టంగానే కనపడింది.

ఫిబ్రవరి 28

ప్రదర్శన అయింది. తొట్టి దగ్గర జనం తగ్గలేదు, ముఖ్యంగా నీళ్లు పోసేటప్పుడు. రోజంతా మా పిల్లలు పదకొండుసార్లు తొట్టి ఖాళీ చేసి నింపారు.

ఈ రోజుకు తగిన మాట ఒకటి చార్టు మీద పెట్టించాను. పదార్థంలో కాంతి లయ మారదని మేం నెల రోజులు చూపించాం. ఆ నియమానికి ఒక అతి చిన్న మినహాయింపు ఉందని 1928 ఫిబ్రవరి 28న కలకత్తాలో సి.వి. రామన్ కనుగొన్నారు. ద్రవంలో చెదిరిన కాంతిలో అతి కొద్ది భాగం అణువుల కదలికకు శక్తి ఇచ్చి, లేదా పుచ్చుకుని, వేరే లయతో బయటికొస్తుంది. అది మా తొట్టికి అందేది కాదు. అయినా ఎర్ర దారంలా కనపడిన ఆ కాంతిలో అదీ ఉందని పిల్లలకు చెప్పాను.

మార్చి 3

ఉప్పునీళ్లు వేపచెట్టు మొదట్లో పోస్తామన్నారు, పోయనివ్వలేదు. నేల పాడవుతుంది. వెడల్పాటి ట్రేలలో డాబా మీద పెట్టాం, ఎండకు సగం దాకా ఇగిరాయి, అంచుల్లో తెల్లటి గీత కడుతోంది.

ఆ అమ్మాయి ఇవాళ లీటరు ప్లాస్టిక్ సీసా తెచ్చింది, వాళ్ల పొలం బోరు నీళ్లు. సీసాను అదే నీళ్లతో రెండుసార్లు కడిగి నింపానంది. తేదీ, ఊరు, బోరు ఎన్ని అడుగులో కాగితం మీద రాసి అతికించింది. రేపు నల్లగొండ పోతున్నాను, నీటి పరీక్షకు ఇచ్చి రసీదు తెస్తాను.